ఏడోమైలు దగ్గర పసుపు చీర

జూన్ 9, సోమవారం

డాక్టరమ్మ రాసుకోమంది. ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది, అప్పుడు నేనేం చేస్తున్నాను, అన్నీ రాసి పదిహేను రోజుల తర్వాత తెమ్మంది. నవీన బీరువాలోంచి రెండు వందల పేజీల నోటుబుక్కు తీసి ఇచ్చింది. పెళ్లయిన పదహారేళ్లలో నేను సంతకం తప్ప ఇంకేమన్నా రాయడం తను చూడలేదట. నవ్వుకోనీ.

కళ్ల ముందు చుక్కలు. పాత టీవీలో బొమ్మ పోయినప్పుడు బురబురలాడేవే, అట్లాంటివి. కళ్లు మూసుకున్నా పోవు. ఏప్రిల్ నుంచి ఉన్నాయి. ఇంకొకటి కూడా ఉంది. చూసిన వస్తువు పక్కకు వెళ్లిపోయినా దాని బొమ్మ కాసేపు అక్కడే నిలబడుతుంది.

ఈ రెండు నెలల్లో ముగ్గురు డాక్టర్లను చూశాను. కంటి నరం నార్మల్. ప్రెజరు నార్మల్. గిన్నెలాంటి మిషన్లో తల పెట్టి, వెలుగు కనపడినప్పుడల్లా మీట నొక్కే పరీక్ష ఒకటి ఉంది, అదీ నార్మల్. తలకాయ స్కానింగు నార్మల్. ఒకాయన "నా కండ్ల కంటే నీ కండ్లే బాగుండాయప్పా" అన్నాడు. మార్చుకుందామా సార్ అని నోటిదాకా వచ్చింది.

ఈ నరాల డాక్టరమ్మ చిన్నపిల్ల. కానీ వింటుంది. "పరీక్షల్లో కనపడలేదంటే మీకు లేదని కాదండీ. కొంతమందికి ఇట్లా వస్తుంది" అంది. ఏం పని చేస్తారని అడిగింది. బస్సు డిపోలో అన్నాను. అబద్ధమేం కాదు. డిపోలోనే కదా నా పని మొదలయ్యేది. "వాహనం మాత్రం నడపొద్దు" అంది. సరేనన్నాను.

పంతొమ్మిదేళ్లుగా కొండ బస్సు డ్రైవర్ని. రోజుకు మూడుసార్లు ఎక్కి మూడుసార్లు దిగుతాను. ఇంతవరకు ఒక్క గీత పడలేదు. ఇది ఆమెకు చెప్పలేదు.

జూన్ 10

లేవగానే చుక్కలు. మూడు ట్రిప్పులు. మిగతా ఏమీ లేదు.

జూన్ 11

ఏమీ లేదు.

జూన్ 12

రెండో ట్రిప్పు దిగేటప్పుడు, ముందున్న బస్సు మలుపు తిరిగి వెళ్లిపోయింది. నాకు మాత్రం దాని వెనక భాగం రోడ్డు మీద అట్లాగే నిలబడి ఉంది. బ్రేకు తొక్కాను. జనమంతా ముందుకు వచ్చి పడ్డారు. "ఏందప్పా, నిద్రపోతా ఉండావా?" అని వెనక నుంచి ఒక పెద్దాయన అరిచాడు. కోతి అడ్డమొచ్చిందని చెప్పాను. కోతులకు నోరు లేదు కాబట్టి ఏమన్నా పడతాయి.

ఎంతసేపు ఉంది: మూడు సెకన్లు. నేనేం చేస్తున్నాను: పైన రాశాను.

జూన్ 15, ఆదివారం

డిపో ముందు రాజారత్నం టీ బంకులో టీ తాగలేదు. ఎదురుగా ఉన్న ఇంకో బంకులో తాగాను. వాడు చూశాడు.

రెండేళ్ల కిందట వాడూ నాతోపాటు డ్రైవరే. నడుము నొప్పి, కూర్చోలేకపోతున్నాను, గేటు దగ్గరో ఆఫీసులోనో కూర్చునే పని ఇవ్వండి అని తిరిగాడు. స్కానింగు తీస్తే ఏమీ లేదు. అందరూ ఉన్నప్పుడు విశ్రాంతి గదిలో నేనే మొదలుపెట్టాను. "స్కానింగులో లేని నొప్పి నీకు యాడుండాది రత్నం? జోబీలో పెట్టుకోని వచ్చినావా?" అందరూ పడీపడీ నవ్వారు. అప్పట్నుంచి వాడి పేరు నార్మల్ రత్నం. ఆరు నెలలు ఆ పేరు మోసి ఉద్యోగం వదిలేసి, ఈ బంకు పెట్టుకున్నాడు.

ఇప్పుడు నేను మేనేజరు దగ్గరికి నాలుగు నార్మల్ కాగితాలు పట్టుకుని వెళ్తే నాకేం పేరు పెడతారో తెలుసు. పెట్టేదాంట్లో నాకంటే గట్టివాళ్లున్నారు.

జూన్ 17

ఒక ఉపాయం దొరికింది. నిజంగా ఉన్న వస్తువు ఉన్నచోటే ఉంటుంది. ఉత్త బొమ్మయితే నేను చూపు తిప్పినప్పుడు నాతోపాటు కదులుతుంది. కాబట్టి అనుమానం వస్తే చూపు కొంచెం పక్కకు తిప్పాలి. కదిలిందా, బొమ్మ. బ్రేకు అక్కర్లేదు.

ఈ రోజు నాలుగుసార్లు పనిచేసింది. డాక్టర్లకు తోచనిది నాకు తోచింది. చదువుకుని ఉంటే నేనూ కోటు వేసుకుని తిరిగేవాణ్ణి.

జూన్ 18

ఉపాయం బాగా పనిచేస్తోంది.

జూన్ 20

బాగా పనిచేస్తోంది. ఎక్కేది కొత్త దారి, దిగేది పాత దారి. రెండూ నా కాళ్లకూ చేతులకూ తెలుసు. ఏ మలుపులో ఎంత తిప్పాలో కళ్లతో పని లేదు.

జూన్ 24, మంగళవారం

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఈ పుస్తకం తీసుకెళ్లలేదు. వేరే కాగితం మీద చుక్కల సంగతి నాలుగు ముక్కలు రాసి చూపించాను. "వాహనం నడపడం లేదు కదా?" అంది. లేదన్నాను. మాత్రలు మార్చింది. వాటితో నోరు చేదు తప్ప ఒరిగిందేమీ లేదు.

నవీన అడిగింది, "ఏమనిందయ్యా?" అని. తగ్గుతుందనింది అని చెప్పాను. తను తల ఊపి పప్పులో తిరగమోత వేసింది.

జూన్ 27, శుక్రవారం

ఏమీ లేదు.

జూన్ 28

ఏమీ లేదు.

జూన్ 29

ఏమీ లేదు.

జూన్ 30

నవీన చెయ్యి పట్టుకుని చూసింది. "గోర్లల్లో పసుపేందయ్యా? శుక్రారం నుంచీ సూస్తా ఉండా" అంది. ఎవరో భక్తులు బస్సుకు పూసి పోయారని, కడిగానని చెప్పాను. "మూన్నాళ్లయినా పోలేదా?" అంది. బట్టల సబ్బు పెట్టి తోమాను.

జులై 2, బుధవారం

మొన్న శుక్రవారం రాసింది అబద్ధం. నా పుస్తకంలో నాకే అబద్ధం రాసుకోవడమేందో.

పొద్దున తొమ్మిదిన్నర. మొదటి ట్రిప్పు దిగుతున్నాను. బస్సు నిండా జనం. ఏడోమైలు దగ్గర కాలినడక వాళ్ల దారి మా రోడ్డు పక్కనే వస్తుంది. మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వచ్చే ఆడవాళ్లు చాలామంది ఉంటారు. ఎడమ పక్క షెడ్డు కింద పసుపు చీరలు ఒక గుంపు కనపడ్డాయి. వాళ్లను దాటాను. దాటాక కూడా ఒక పసుపు చీర బస్సు ముందర, రోడ్డు అంచులో నిలబడి ఉంది. బొమ్మే అనుకున్నాను. చూపు పక్కకు తిప్పాను. కదిలినట్టే అనిపించింది. బ్రేకు మీద కాలు పెట్టలేదు.

బొమ్మ కాదు. మనిషి. చేతిలో పసుపు పళ్లెం ఉంది.

ఆమె వెనక్కి దుమికింది కాబట్టి బతికింది. కదిలినట్టు కనపడింది కూడా ఆమె దుమకడమేనేమో. నాకు పళ్లెం చప్పుడు వినపడింది. అద్దంలో చూస్తే ఆమె కింద కూర్చుని ఉంది. చుట్టూ జనం మూగుతున్నారు. నేను ఆపలేదు. బస్సులో వాళ్లెవరికీ తెలియలేదు. "గోవిందా" అని అరుస్తూనే ఉన్నారు. కిందికి వచ్చి చూస్తే ముందు చక్రం పైనుంచి రెండో కిటికీ దాకా పసుపు గీత ఉంది, మనిషి చెయ్యి ఆనించి పొడుగునా లాగినట్టు. ఎవరూ చూడకముందే బకెట్టు నీళ్లతో, చేతులతో రుద్ది కడిగాను. తర్వాత ఇంకా రెండు ట్రిప్పులు చేశాను.

భయం వెయ్యలేదు. ఏడుపు రాలేదు. మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాను. రోజూ ఎంత తింటానో అంతే తిన్నాను.

జులై 5, శనివారం

రేపటి వారం సెలవు మార్చుకుని ఈ రోజు తీసుకున్నాను. అలిపిరి నుంచి నడిచి ఏడోమైలు దాకా వెళ్లాను. కాళ్లు పట్టేశాయి. కొండను పంతొమ్మిదేళ్లు కూర్చుని ఎక్కినవాడికి నడక ఎట్లా వస్తుంది?

అక్కడ దోసకాయ ముక్కలకు ఉప్పూకారం చల్లి అమ్మే గురవమ్మ ఉంది. ముక్కలు కొనుక్కుని, మెల్లగా అడిగాను.

"పోయిన శుక్రవారం ఈడ ఎవురికో బస్సు తగిలిందంట కదమ్మా?"

"తగల్లేదు నాయనా, రాసుకోని పోయింది. గాజులు పగిలి చెయ్యి కోసుకునింది. ఆయమ్మ కొడుక్కి గుండె ఆపరేషనయితే మెట్టుమెట్టుకీ పసుపు పెడతానని మొక్కుకునిందంట. పళ్లెం కింద పడిందని ఏడ్చింది గాని, చెయ్యి సంగతే పట్టించుకోలే."

"బస్సోడు ఆపలేదా?"

"యాడ ఆపుతాడు? ఆయమ్మేమో, సామి నన్ను వెనక్కి లాగినాడు అని ఆ బస్సు పోయిన పక్కకే దండం పెట్టి లేసిపోయింది. మళ్లీ కిందికి పోయి మొదటి మెట్టు నుంచీ మొదలుపెట్టిందంట."

ముక్కలు తినలేకపోయాను. కోతికి వేశాను.

ఆమె పేరు గురవమ్మకు తెలియదు. ఊరు కూడా తెలియదు.

జులై 6

మూడు ట్రిప్పులు. నడక దారి పక్కన వచ్చే చోటల్లా మెల్లగా వచ్చాను. వెనక బస్సులన్నీ హారన్లు కొట్టాయి. కొట్టుకోనీ.

జులై 8

మా ఊరు వడమాలపేట నుంచి అమ్మ ఫోను. చెల్లెలు జాహ్నవి బిడ్డకు పదకొండో నెల. పుట్టెంట్రుకలు తీయించాలి. పదిహేడో తేదీ గురువారం అని వాళ్లే నిర్ణయం చేసుకున్నారు. ఆషాఢం కదా అన్నాను. "కొండకు దినం సూడాల్సిన పన్లేదు" అంది అమ్మ. మేనమామ ఒళ్లో బిడ్డను కూర్చోబెట్టాలి. మేనమామను నేనొక్కడినే.

సెలవు పెడతానన్నాను.

"సెలవెందుకు? నీ బస్సులోనే పోతాం. ఇన్నేండ్లుగా కొండ బస్సు తోల్తా ఉండావు, ఒక్కసారన్నా నీ బస్సెక్కినానా నాయనా? చేన్లో పనని, ఆవులని, ఎప్పుడూ కుదర్లే. నువ్వు పైకి తోలు, పైన ఎవురినన్నా బదులు పెట్టుకోని మాతో రా."

కుదరదమ్మా అన్నాను. ఎందుకు కుదరదంది. సరేనన్నాను. నాకు ఈ సరే ఒకటి బాగా అలవాటైపోయింది.

జులై 11

చుక్కలు ఎక్కువ. మిగతా ఏమీ లేదు. ఈసారి నిజంగానే ఏమీ లేదు.

జులై 14

ఇంకెన్నాళ్లు? రిటైరవ్వడానికి పదిహేడేళ్లు ఉంది.

జులై 16, బుధవారం

మూడు ట్రిప్పులు. పైకీ కిందికీ కలిపి మూడు వందల మంది ఉంటారు. మొహాలు చూడలేదు. ఎప్పుడూ చూడను.

రేపు తొలి ట్రిప్పు మావాళ్లు.

జులై 17, గురువారం

ఇది మొత్తం రాయాలి. ఒక్క ముక్క కూడా వదలకూడదు.

ఆరుంపావుకు బస్టాండులో ఎక్కారు. అమ్మ నా వెనక సీట్లో కూర్చుంది. కొత్త చీర. ఎక్కగానే స్టీరింగు తాకి కళ్లకద్దుకుంది. నేను సిగ్గుతో చచ్చాను. జాహ్నవి, దాని మొగుడు సునీల్‌కుమార్, బిడ్డ, నవీన. మిగతా సీట్లన్నీ ఎవరెవరో. అమ్మ అటు పక్క సీట్లో ఆవిడకు చెబుతోంది, "తోలేది నా కొడుకే" అని. ఆవిడ కూడా నాకు దండం పెట్టింది.

అలిపిరిలో తనిఖీకి అందరూ దిగి, సామాన్లు చూపించి మళ్లీ బస్సెక్కాలి. నేను నా సీట్లోనే ఉన్నాను. జాహ్నవి బిడ్డను ఎత్తుకుని బస్సు ముందు నుంచి వచ్చింది. అద్దం ఎదురుగా ఆగి, బిడ్డ చెయ్యి పట్టుకుని నా వైపు ఊపించింది. "మామ సూడు, మామ" అంటోంది. ఆకుపచ్చ చొక్కా. తలనిండా జుట్టు. నవ్వాను.

జాహ్నవి లోపలికి ఎక్కేసింది. దాని గొంతు నా వెనక నుంచి వినపడుతోంది. బిడ్డ మాత్రం ఇంకా బస్సు ముందరే ఉన్నాడు, గాల్లో, చెయ్యి ఊపుతూ. ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టాను. చూపు పక్కకు తిప్పాను. కదిలాడో లేదో తెలియలేదు.

చెయ్యి తాళం చెవి మీదే ఉంది. తిప్పలేకపోయాను. తిప్పమని చేతికి చెప్పాను. వినలేదు.

దిగి, అక్కడున్న సూపర్‌వైజరుకు కడుపునొప్పి అని చెప్పాను. స్పేరు డ్రైవరు సుబ్బన్న అక్కడే ఉన్నాడు. "పంతొమ్మిదేండ్లలో నీకు కడుపునొప్పి రావడం ఇదే మొదలు కదబ్బా" అని నవ్వుతూ ఎక్కి కూర్చున్నాడు. నవీన తన సీటు నాకిచ్చి జాహ్నవి పక్కన సర్దుకుంది. అమ్మ పక్కన కూర్చున్నాను.

బస్సు కదిలింది. అందరూ గోవిందా అన్నారు. అమ్మ అనలేదు. నాలుగైదు మలుపులు పోయాక, నా వైపు చూడకుండానే అడిగింది.

"కడుపునొప్పి కాదు గదా?"

"కాదు."

"మరేంది?"

"కండ్లు. సరిగ్గా కనపడ్డం లేదమ్మా. లేనివి కనపడతా ఉండాయి."

"ఎప్పట్నించి?"

"ఏప్రిల్."

అమ్మ వెనక్కి తిరిగి చూసింది. మెల్లగా చూసింది, ఒక్కొక్క సీటే. ముసలాయన ఒకడు, నిద్రపోతున్న పిల్లలు, కిటికీకి తల ఆనించిన ఒకావిడ. మళ్లీ ముందుకు తిరిగింది.

"మేమెక్కితే దిగినావు. ఈళ్లు రోజూ ఎక్కుతానే ఉండారు గదా నాయనా. ఈళ్ల కోసం ఎప్పుడన్నా దిగినావా?"

గట్టిగా కూడా అనలేదు. అన్నం తిన్నావా అని అడిగినట్టు అడిగింది.

పైన బిడ్డను ఒళ్లో పెట్టుకున్నాను. గుక్కపట్టి ఏడ్చాడు. క్షురకుడు "గట్టిగా పట్టుకోప్పా, కదిల్తే కత్తి పడతాది" అన్నాడు. రెండు చేతులతో తల పట్టుకున్నాను. చేతి కింద మాడు కొట్టుకుంటోంది. ఆ ఒక్క చిన్న తలకాయ కోసం ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. జూన్ 27న బస్సులో యాభై మంది ఉన్నారు. రోడ్డు మీద ఆమె ఉంది. ఆ రోజు నేను ఊపిరి బిగబట్టలేదు. ఆ సంగతి ముందే తెలుసు నాకు. అమ్మ అడిగిందాకా తెలియనట్టు తిరిగాను.

నవీనకు దిగేటప్పుడు చెప్పాను, పసుపు సంగతి కూడా. "ఆ పుస్తకంలో రాసినావా?" అంది. రాశానన్నాను.

జులై 18, శుక్రవారం

డ్యూటీ ఎక్కలేదు. డాక్టరమ్మకు ఫోన్లో అంతా చెప్పాను. "రేపు రండి, నడపకూడదని రాసిస్తాను" అంది.

మధ్యాహ్నం మేనేజరు గదికి వెళ్లాను. నా రిపోర్టులన్నీ చూశాడు.

"అన్నీ నార్మలే కదప్పా మునిశేఖర్. ఇవి పట్టుకోని నేను పైకి ఏమని రాయాల? మెడికల్ బోర్డుకు పంపినా ఫిట్ అనే వస్తాది. పది రోజులు సెలవు పెట్టి రెస్టు తీసుకో. ఈ మధ్య ఒకరిని చూసి ఒకరు లైట్ డ్యూటీ అని మొదలుపెట్టినారు."

ఈ పుస్తకం టేబుల్ మీద పెట్టి, జులై 2 తేదీ తీశాను. చదవండి సార్ అన్నాను.

చదివాడు. వెనక్కి వెళ్లి జూన్ 12 చదివాడు. 17 చదివాడు. లేచి తలుపు మూసి వచ్చాడు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"నా రాతే సార్."

"దీన్ని చూసినాక నిన్ను బస్సెక్కనీలేను. సస్పెన్షన్, విచారణ, పోలీసు కేసు, ఏమేమి వస్తాయో నాకే తెలీదు. ఎవురూ కంప్లైంటు ఇవ్వలేదు. ఇంకోసారి ఆలోచించుకో. నేను చదవలేదనుకుంటా."

పుస్తకాన్ని నా వైపు తోశాడు. మంచివాడు. నా ఇంటివాళ్ల మొహం చూసి తోశాడు. ఒక నిమిషం చూశాను దాని వైపు. ఇంటికి తెచ్చుకుని ఈ పేజీ రాస్తున్నాను. రేపు పొద్దున తీసుకెళ్లి ఆయనకే ఇచ్చేసి వస్తాను.

జులై 22, మంగళవారం

ఇది కొత్త నోటు. పాతది మేనేజరు దగ్గరే ఉంది, విచారణ అయ్యేదాకా ఇవ్వరట. సస్పెన్షన్ కాగితం నిన్న వచ్చింది. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం కూడా దానికి కలిపారు.

చెయ్యి కోసుకున్న ఆవిడ ఏ ఆసుపత్రికన్నా వెళ్లిందేమోనని ఇద్దరు పోలీసులు ఏడోమైలుకు వెళ్లి గురవమ్మను అడిగారట. ఆ పసుపు చీరావిడ ఎవరో ఇంకా తెలియలేదు. కొడుకు బాగున్నాడో లేదో కూడా తెలియదు.

డిపోలో యూనిఫాం ఇచ్చేసి బయటికి వచ్చాను. రాజారత్నం బంకు దగ్గర ఎవరూ లేరు. నడుముకు దిండు కట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వెళ్లి నిలబడ్డాను. అడగకుండానే టీ పోశాడు. డిపోలో జరిగేది వాడికి తెలియకుండా ఉండదు.

"నీ కండ్ల సంగతి నమ్మినారా?" అన్నాడు.

"నాలుగు రిపోర్టులు ఇచ్చినా నమ్మలే. తప్పు చేసినానని రాసిస్తే నమ్మినారు."

వాడు నవ్వలేదు. నవ్వితే బాగుండేది, ఒకళ్లకొకళ్లం సరిపోయేవాళ్లం. గ్లాసు చుట్టూ చుక్కలు బురబురలాడుతున్నాయి. టీ తాగేశాను. గ్లాసు కింద పెట్టాక అడిగాను. రెండేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

"నీ నడుమెట్లుండాది రత్నం?"

కెటిల్ కింద పెట్టి నా వైపు చూశాడు.

"నొప్పి అట్లనే ఉండాది" అన్నాడు. బల్లను తడి గుడ్డతో తుడిచి, "కూసో" అన్నాడు.

కూర్చున్నాను.